సంస్కృతి, సాహిత్యం, క్రిటికల్ థియరీ: ఉన్నత విద్యలో ఏ దారి ఎవరికి సరిపోతుంది

ఆధునిక సంస్కృతినీ సాహిత్యాన్నీ క్రిటికల్ థియరీనీ (సమాజాన్ని వర్ణించడంతో ఆగక దాన్ని విమర్శించి మార్చగోరే సిద్ధాంత సంప్రదాయాన్నీ) కలిపి చదవాలనుకునే విద్యార్థికి, ఎం.ఏ. స్థాయిలోనైనా పీహెచ్‌డీ స్థాయిలోనైనా మొదట ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కోర్సుల పేర్లు వేరువేరుగా ఉంటాయి గాని వాటి పరిచయ వాక్యాలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తులనాత్మక సాహిత్యమైనా, సాంస్కృతిక అధ్యయనాలైనా, మీడియా అధ్యయనాలైనా, ఆధునిక చింతన అయినా, ప్రతి విభాగమూ తాను శాస్త్రాల మధ్య గోడలు దాటుతున్నానని, రచననూ సమాజాన్నీ కలిపి చూస్తానని, విమర్శనాత్మక దృష్టిని నేర్పుతానని చెప్పుకుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ వాక్యాలను నమ్ముకుని అయిదారేళ్ల కాలాన్ని ఒక విభాగం చేతిలో పెట్టడం మాత్రం మంచి నిర్ణయం కాదు.

ఎంపికను తేల్చవలసినవి మూడు విషయాలని నా అభిప్రాయం. అక్కడ మీకు ఏ పద్ధతిలో శిక్షణ దొరుకుతుంది, మీ పనిని ఎవరు పరీక్షిస్తారు, ఆ పట్టా పట్టుకుని వెళితే ఏ విభాగం మిమ్మల్ని తనవారిగా గుర్తిస్తుంది. వీటిలో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యం. సిద్ధాంతాలను ఎక్కడైనా చదువుకోవచ్చు, చాలామంది సొంతంగానే చదువుకుంటారు. ఒక పాత దస్తావేజును ఎలా చదవాలి, ఒక దృశ్యాన్ని ఎలా విడదీయాలి, మనుషులతో మాట్లాడి సేకరించిన సమాచారాన్ని ఎలా తూచాలి అనే విద్యలు మాత్రం గురువు దగ్గర, తోటివారి మధ్య, తప్పులు దిద్దించుకుంటూ నేర్చుకోవలసినవి. ఆ విద్యల్లో మీకు ఏది కావాలో తేలితే విభాగం పేరు దానంతటదే తేలుతుంది.

ఒకే ప్రశ్న, అయిదు విభాగాలు

మాట స్పష్టంగా ఉండడానికి ఒకే పరిశోధన ప్రశ్నను తీసుకుందాం. ఒక విద్యార్థికి అద్దె ఇంటి మీద ఆసక్తి ఉంది. ఆధునిక నగరం గురించిన నవలల్లో, సినిమాల్లో అద్దె గది పదే పదే ఎందుకు కనిపిస్తుంది, అందులో ఉండే మనిషికి తనదంటూ ఒక స్థలం ఉందా లేదా అన్నది ఆ విద్యార్థి ప్రశ్న.

ఈ ప్రశ్నను ఒక భాషా సాహిత్య విభాగానికి తీసుకువెళితే అక్కడి అధ్యాపకులు ముందుగా నవలా చరిత్రను అడుగుతారు. అద్దె గది కథనంలోకి ఏ దశలో వచ్చింది, యజమానురాలు అనే పాత్ర ఎలా స్థిరపడింది, కథకుడి చూపు గడప దగ్గర ఆగుతుందా లోపలికి పోతుందా అని చూడమంటారు. పనికి ఒక కాలం, ఒక భాష, ఒక ప్రక్రియ హద్దులుగా ఏర్పడతాయి. సినిమా ఒక అధ్యాయానికి పరిమితమవుతుంది.

తులనాత్మక సాహిత్య విభాగం ఇదే ప్రశ్నను కనీసం రెండు భాషల్లో అడగమంటుంది. ఒక భాషలోని నవలలో గది ఒంటరితనానికి చోటైతే, మరో భాషలోని నవలలో అది కులమో మతమో అడిగి తెలుసుకునే చోటు కావచ్చు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు పని అవుతుంది. అనువాదాల మీద ఆధారపడిన పోలికను ఈ విభాగాల్లో గట్టి పరీక్షకులు ఒప్పుకోరు, మూలాన్ని చదివారా అని నిలదీస్తారు.

సాంస్కృతిక అధ్యయనాల విభాగంలో నవల ఒక్కటే సాక్ష్యం కాదు. అద్దె ప్రకటనలు, ఒప్పంద పత్రాలు, గృహ విధానాలు, అద్దెకున్నవారి మాటలు అన్నీ సాక్ష్యాలే. మనుషులను ఇంటర్వ్యూ చేయాలంటే విశ్వవిద్యాలయపు నైతిక పరిశీలన సంఘం అనుమతి తీసుకోవాలి, పేర్లు దాచే పద్ధతి ముందే రాసివ్వాలి. ఆ ప్రక్రియకు పట్టే సమయాన్ని మొదటి ఏడాది ప్రణాళికలోనే లెక్కవేసుకోవాలి. సాహిత్య విభాగం నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ భాగం కొత్తగానూ కొంత విసుగుగానూ ఉంటుంది గాని, దాన్ని దాటితే చేతికి వచ్చే సామగ్రి మరెక్కడా దొరకదు.

మీడియా, ఆధునిక సంస్కృతి విభాగాల్లో అదే గది ఒక సెట్టు, ఒక ఫ్రేము, ఒక శబ్దం. కెమెరాను తలుపు బయట పెట్టారా, మూడు గోడలే చూపి నాలుగో గోడను మనకు వదిలేశారా, పక్క గది మాటలు వినిపిస్తున్నాయా అన్నవి అక్కడ ముందు వచ్చే ప్రశ్నలు. ఇక తత్త్వశాస్త్రం వైపు మొగ్గిన క్రిటికల్ థియరీ కేంద్రంలో గది ఒక ఉదాహరణ స్థాయికి తగ్గుతుంది. సొంతం అంటే ఏమిటి, ఏకాంతం ఆస్తి మీద ఆధారపడిన హక్కా అనే భావనలే అసలు విషయమవుతాయి. నవలల గురించి రాసిన పేజీలు తగ్గి, భావనల చరిత్ర గురించిన పేజీలు పెరుగుతాయి.

మీ సొంత ప్రశ్నను ఇలా అయిదు రకాలుగా ఒక్కో పేరాలో రాసి చూడండి. ఏ పేరా రాస్తున్నప్పుడు తరువాతి వాక్యం తడుముకోకుండా వచ్చిందో అదే మీ విభాగానికి అన్నిటికన్నా నమ్మదగిన సూచన. అయిదూ ఒకే తీరుగా వచ్చాయంటే ప్రశ్న ఇంకా పండలేదన్నమాట, అప్పుడు పీహెచ్‌డీకి తొందరపడకుండా ఎం.ఏ. వైపు చూడడం మేలు.

పుట్టుకను బట్టి స్వభావం

ఒక విభాగం ఎందుకు అలా ఆలోచిస్తుందో దాని చరిత్ర కొంత చెబుతుంది. క్రిటికల్ థియరీ అనే పేరు 1923లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏర్పడిన సామాజిక పరిశోధన సంస్థతో ముడిపడినది. ఆ సంస్థ సంచాలకుడు మాక్స్ హోర్క్‌హైమర్ 1937లో రాసిన వ్యాసం, సమాజాన్ని కేవలం వర్ణించే సిద్ధాంతానికీ దాన్ని మార్చగోరే సిద్ధాంతానికీ తేడా చూపింది. అప్పటికే నాజీల కారణంగా ఆ సంస్థ జర్మనీ వదిలి న్యూయార్క్ చేరింది. అర్థశాస్త్రం, మనోవిశ్లేషణ, తత్త్వశాస్త్రం, సంగీతం ఒకే బల్ల చుట్టూ చేరడం అక్కడ అలంకారంగా జరిగింది కాదు; ఫాసిజం ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఏ ఒక్క శాస్త్రమూ జవాబు చెప్పలేకపోవడం వల్ల జరిగింది. శాస్త్రాలు కలవడానికి బలమైన కారణం ఎప్పుడూ ఇలాంటిదే, ఒక ప్రశ్న ఒక విభాగంలో ఇమడకపోవడం.

సాంస్కృతిక అధ్యయనాలది వేరే పుట్టుక. రిచర్డ్ హోగార్ట్ 1964లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సమకాలీన సాంస్కృతిక అధ్యయనాల కేంద్రాన్ని స్థాపించారు. తరువాత స్టువర్ట్ హాల్ నాయకత్వంలో అది యువజన సంస్కృతులు, వార్తాపత్రికలు, జాతి వివక్ష వంటి విషయాల మీద విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి రాసే బృంద పరిశోధనకు పేరు పొందింది. నేటికీ ఈ సంప్రదాయంలోని మంచి విభాగాల్లో సమకాలీన రాజకీయ సమస్యతో సంబంధం లేని పనికి అంత ఆదరణ ఉండదు.

అమెరికాలో కథ ఇంకో రకంగా నడిచింది. 1966లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సుకు జాక్ దెరిదా, రోలాఁ బార్త్, జాక్ లకాఁ వంటి ఫ్రెంచి ఆలోచనాపరులు వచ్చారు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఫ్రెంచి సిద్ధాంతం అక్కడి తత్త్వశాస్త్ర విభాగాల్లోకి కాక సాహిత్య విభాగాల గుండా ప్రవేశించింది. అందువల్లనే అమెరికాలో దెరిదాను, ఫూకోను, హెగెల్‌ను సైతం చదవాలనుకునే విద్యార్థి తరచుగా సాహిత్య విభాగం తలుపే తట్టవలసి వస్తుంది. శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హిస్టరీ ఆఫ్ కాన్షస్‌నెస్ అనే కార్యక్రమం, స్టాన్‌ఫర్డ్‌లో 1971లో మొదలైన మోడర్న్ థాట్ అండ్ లిటరేచర్, మార్క్సిస్టు విమర్శకుడు ఫ్రెడ్రిక్ జేమ్సన్ 1985లో చేరాక రూపు దిద్దుకున్న డ్యూక్ విశ్వవిద్యాలయపు లిటరేచర్ కార్యక్రమం, సంకేతాలు అర్థాన్ని ఎలా ఇస్తాయో చదివే సంకేతశాస్త్ర కార్యక్రమంగా మొదలై మోడర్న్ కల్చర్ అండ్ మీడియాగా ఎదిగిన బ్రౌన్ విశ్వవిద్యాలయ విభాగం, ఇవన్నీ ఆ కాలపు ఫలాలు. యూరప్‌లో 1994లో ఏర్పడిన ఆమ్‌స్టర్‌డామ్ సాంస్కృతిక విశ్లేషణ కేంద్రానికి డచ్ సిద్ధాంతకర్త మీకె బాల్ వంటివారు ఇచ్చిన ప్రత్యేకత వేరు. అక్కడ విశ్లేషణ ఒక చిత్రాన్నో కథనాన్నో వస్తువునో దగ్గరగా పట్టుకుని మొదలవుతుంది, భావనలు ఒక శాస్త్రం నుంచి మరో శాస్త్రానికి వెళ్లినప్పుడు ఎలా మారతాయో గమనిస్తుంది.

తులనాత్మక సాహిత్యం వీటన్నిటికన్నా పాతది. భారతదేశంలో 1956లో బెంగాలీ కవి బుద్ధదేవ బోస్ చొరవతో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విభాగంగా ఏర్పడింది. అమెరికన్ తులనాత్మక సాహిత్య సంఘం తన శాస్త్రం స్థితిగతుల మీద దాదాపు దశాబ్దానికోసారి నివేదికలు వెలువరిస్తూ వచ్చింది. 1965 నాటి నివేదిక భాషా పాండిత్యాన్ని గట్టిగా పట్టుకుంటే, 1993 నాటి నివేదిక సాహిత్యేతర సంస్కృతుల వైపు తలుపులు తెరిచింది. ఈ రెండు ధోరణుల మధ్య పోరు ఇంకా సాగుతూనే ఉంది. మీరు చేరబోయే విభాగం ఆ పోరులో ఎటువైపు ఉందో తెలియకుండా దరఖాస్తు పెట్టకండి.

స్వతంత్ర కార్యక్రమమా, విభాగంతో పాటు సర్టిఫికెట్టా

అసలైన ఎంపిక ఇక్కడే ఉంది, ఎక్కువమంది తక్కువ ఆలోచించేది కూడా ఇక్కడే. ఒక దారి, అనేక శాస్త్రాలను కలిపే స్వతంత్ర కార్యక్రమంలో చేరి పట్టా కూడా ఆ పేరుతోనే పొందడం. రెండో దారి, ఇంగ్లిషో చరిత్రో తులనాత్మక సాహిత్యమో ఒక విభాగంలో చేరి, క్రిటికల్ థియరీని అదనపు అర్హతగా సంపాదించడం. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఈ రెండో పద్ధతికి డిజిగ్నేటెడ్ ఎంఫసిస్ అని పేరు. విద్యార్థి తన విభాగంలోనే పీహెచ్‌డీ చేస్తాడు, క్రిటికల్ థియరీ కోర్సులు అదనంగా పూర్తిచేస్తాడు, పట్టాలో ఆ విషయం చేరుతుంది. ఇతర విశ్వవిద్యాలయాల్లో ఇదే సర్టిఫికెట్ అనో మైనర్ అనో పిలవబడుతుంది.

స్వతంత్ర కార్యక్రమం బలం దాని స్వేచ్ఛ. సాహిత్య విభాగాల్లోనూ సాహిత్యేతర విభాగాల్లోనూ కోర్సులు తీసుకోవచ్చు, పీహెచ్‌డీ అర్హత పరీక్షకు చదవవలసిన గ్రంథాల పట్టికను విద్యార్థి తన ప్రశ్న చుట్టూ తానే కట్టుకోవచ్చు, థీసిస్‌ను పరీక్షించే కమిటీలో మానవశాస్త్రజ్ఞుడినీ సినిమా చరిత్రకారిణినీ పక్కపక్కన కూర్చోబెట్టవచ్చు. అదే దాని బరువు కూడా. సాంప్రదాయిక విభాగంలో పరీక్షకు ఏమి చదవాలో కాలమే నిర్ణయించి పెడుతుంది. ఇక్కడ ఆ ఎంపికను సమర్థించుకోవలసినది విద్యార్థే. ఇద్దరు పరీక్షకులు రెండు శాస్త్రాల ప్రమాణాలతో అదే అధ్యాయాన్ని చదివి, ఒకరు దగ్గరి పఠనం (రచనను మాటమాటా పరిశీలించి చదవడం) చాలలేదని, మరొకరు క్షేత్ర సమాచారం చాలలేదని అన్నప్పుడు ఆ రెండిటినీ తీర్చవలసిన భారం కూడా విద్యార్థి మీదే పడుతుంది. ఒక శాస్త్రంలో పూర్వ శిక్షణ గట్టిగా ఉన్నవారు ఈ ఒత్తిడిని తట్టుకుంటారు. లేనివారికి రెండేళ్లు గడిచేసరికి చాలా చదివినట్టే ఉంటుంది గాని ఏ పద్ధతీ చేతికి పట్టుబడినట్టు ఉండదు.

ఉద్యోగాల విషయంలో ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. విశ్వవిద్యాలయాలు ప్రకటించే అధ్యాపక ఉద్యోగాలు ఇప్పటికీ ఎక్కువగా విభాగాల పేరు మీదే వస్తాయి. పంతొమ్మిదో శతాబ్దపు నవల బోధించగలవారు కావాలి, సినిమా చరిత్ర బోధించగలవారు కావాలి అని అడుగుతారు. క్రిటికల్ థియరీ బోధించేవారు మాత్రమే కావాలనే ప్రకటనలు అరుదు. మానవీయ శాస్త్రాల్లో శాశ్వత ఉద్యోగాల ప్రకటనలు 2008 ఆర్థిక సంక్షోభం తరువాత అమెరికాలో బాగా పడిపోయాయి, మళ్లీ పాత స్థాయికి చేరలేదు. ఈ స్థితిలో స్వతంత్ర కార్యక్రమంలో చదివిన విద్యార్థి తాను ఏ విభాగంలో పాఠం చెప్పగలడో మొదటి ఏడాది నుంచే నిరూపించుకుంటూ రావాలి. ఆ విభాగంలో బోధన అవకాశం దొరుకుతుందా, ఆ శాస్త్రపు పత్రికల్లో వ్యాసం వేయించుకునేలా ఎవరైనా దిద్దుతారా అని చేరకముందే అడగాలి.

ఈ రెండిటిలో నా సలహా ఇది. డిగ్రీలోనో ఎం.ఏ.లోనో ఒక శాస్త్రాన్ని పూర్తిగా చదివి, మీ ప్రశ్న అందులో ఇమడదని అనుభవంతో తెలుసుకున్నవారైతే స్వతంత్ర కార్యక్రమం మీకోసమే, సంకోచించనవసరం లేదు. డిగ్రీలో ఇంజనీరింగో కామర్సో చదివి, సాహిత్యాన్నీ సిద్ధాంతాన్నీ సొంత ఆసక్తితో చదువుకుంటూ వచ్చినవారైతే, విభాగంలో చేరి సర్టిఫికెట్ తీసుకునే దారి మీకు ఎక్కువ ఇస్తుంది. స్వేచ్ఛ కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఒక శాస్త్రం లోపలి క్రమశిక్షణ తెలిసినవారే దాని హద్దు ఎక్కడుందో చూపగలరు.

ఎం.ఏ. ముందా, నేరుగా పీహెచ్‌డీయా

దేశాన్ని బట్టి పీహెచ్‌డీ నిర్మాణం మారుతుంది గనుక ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అమెరికాలో డిగ్రీ తరువాత నేరుగా పీహెచ్‌డీలో చేరే అవకాశం ఉంది. మొదటి రెండేళ్లు ఎక్కువగా సెమినార్లు, తరువాత అర్హత పరీక్షలు, ఆపైన థీసిస్. మొత్తం అయిదు నుంచి ఏడేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ప్రవేశం దొరికితే సాధారణంగా ఫీజు మినహాయింపు, స్టైపెండ్, దానికి బదులుగా బోధన బాధ్యత ఉంటాయి. బ్రిటన్‌లో ఎం.ఏ. ఒక్క ఏడాది, పీహెచ్‌డీ మూడు నుంచి నాలుగేళ్లు. అక్కడి పీహెచ్‌డీలో తప్పనిసరి కోర్సులు పెద్దగా ఉండవు, మొదటి రోజు నుంచే థీసిస్ పని మొదలవుతుంది. థీసిస్ పరిమితి చాలాచోట్ల 80,000 నుంచి 1,00,000 పదాలు. నెదర్లాండ్స్‌లో రెండేళ్ల రీసెర్చ్ మాస్టర్స్ 120 యూరోపియన్ క్రెడిట్లతో పీహెచ్‌డీకి సిద్ధం చేస్తుంది. ఆ తరువాతి పీహెచ్‌డీ స్థానాలు కొన్ని జీతమిచ్చే ఉద్యోగాలుగానే ఉంటాయి.

దీన్నిబట్టి ప్రశ్న స్పష్టంగా ఉన్నవారికి బ్రిటన్ నమూనా వేగంగా సాగుతుంది, ప్రశ్నను వెతుక్కుంటున్నవారికి అమెరికా నమూనా సమయమిస్తుంది. కానీ బ్రిటన్‌లో ఏడాది ఎం.ఏ.ను తేలికగా తీసుకోకూడదు. సెప్టెంబరులో చేరిన విద్యార్థి అదే శీతాకాలంలో పీహెచ్‌డీ దరఖాస్తులు, ఫెలోషిప్ దరఖాస్తులు రాయవలసి వస్తుంది, ఇంకా ఒక్క సెమినార్ వ్యాసం కూడా దిద్ది చేతికి రాకముందే సిఫార్సు లేఖలు అడగవలసి వస్తుంది. ఎం.ఏ. పూర్తిచేసి ఒక ఏడాది ఆగి దరఖాస్తు పెట్టినవారి ప్రతిపాదనలు సాధారణంగా మెరుగ్గా ఉంటాయి. సొంత ఖర్చుతో చేసే ఎం.ఏ.కు అప్పు చేయవలసివస్తే మరీ జాగ్రత్తగా ఆలోచించాలి. ఈ రంగంలో ఎం.ఏ. పట్టా ఒక్కటే ఆ అప్పు తీర్చే ఉద్యోగాన్ని తెచ్చిపెడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

డబ్బూ సమయమూ అంతగా పెట్టలేనివారికి మరో మార్గం ఉంది. 1976లో ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలై తరువాత కార్నెల్‌కు మారిన స్కూల్ ఆఫ్ క్రిటిసిజమ్ అండ్ థియరీ వంటి వేసవి పాఠశాలలు కొన్ని వారాల్లో తీవ్రమైన సెమినార్ అనుభవాన్నిస్తాయి. ఇవి పట్టాకు ప్రత్యామ్నాయం కావు. ఇప్పటికే ఒక విభాగంలో ఉండి, అక్కడ థియరీ చదివే తోడు లేనివారికి ఎక్కువగా పనికొస్తాయి.

భాషల సంగతి

తులనాత్మక సాహిత్యంలో పీహెచ్‌డీకి మాతృభాష కాక మరో రెండు భాషల్లో చదివే సామర్థ్యం అడగడం చాలాచోట్ల ఉంది. తత్త్వశాస్త్రం వైపు క్రిటికల్ థియరీలో నియమంగా రాసిపెట్టినా పెట్టకపోయినా జర్మన్, ఫ్రెంచిలలో కనీసం ఒకటి రాకుండా గౌరవప్రదమైన పని చేయడం కష్టం. సాంస్కృతిక అధ్యయనాల్లో ఈ ఒత్తిడి తక్కువ. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలని ఉంది. యూరోపియన్ భాష రాని విద్యార్థులు తమకు వచ్చిన రెండు మూడు భారతీయ భాషలను అర్హతగా లెక్కించుకోరు, దరఖాస్తులో ఎక్కడో ఒక మూలన ఒక్క వాక్యంతో వదిలేస్తారు. తెలుగు, ఉర్దూ, తమిళం మూలంలో చదవగల పరిశోధకుడికి అందే సామగ్రి ఇంగ్లిషు మాత్రమే వచ్చినవారికి అందదు. దాన్ని ప్రతిపాదన మధ్యలో పెట్టి, ఆ భాషల్లోని ఏ రచనలు మీ ప్రశ్నకు అవసరమో పేరుపెట్టి రాయాలి. ఆ భాషల్లో పని చదవగల అధ్యాపకుడు అక్కడ ఒక్కరైనా ఉన్నారో లేదో కూడా చూడాలి. లేకపోతే మీ సాక్ష్యాన్ని పరీక్షించే వారే ఉండరు, అది పైకి సౌకర్యంగా కనిపించినా పరిశోధనకు నష్టమే.

ఒక కార్యక్రమాన్ని పరిశీలించే తీరు

అధ్యాపకుల పేర్ల జాబితా చూసి మోజుపడడం సహజం. అంతకన్నా నమ్మదగినది గత అయిదారేళ్లలో అక్కడ పూర్తయిన థీసిస్‌ల జాబితా. రెండు మూడు థీసిస్‌లు తెరిచి మొదట కృతజ్ఞతల పేజీ చదవండి. ఎవరు అధ్యాయాలు చదివి దిద్దారు, ఎవరి పేరు మర్యాదకు వచ్చింది, విద్యార్థులు ఒకరి పని ఒకరు చదువుకున్నారా అన్నది అక్కడ తెలిసిపోతుంది. తరువాత గ్రంథ సూచి చూడండి. అన్ని థీసిస్‌లలోనూ అవే పది పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ విభాగంలో థియరీ ఒక ఉమ్మడి యాసగా మారిందని అర్థం. ఒక్కో థీసిస్‌కూ దస్తావేజులు, పత్రికలు, సినిమాలు, ఇంటర్వ్యూల జాబితా వేరుగా ఉంటే అక్కడ సిద్ధాంతాన్ని పనిముట్టుగా వాడుతున్నారని అర్థం. చివరగా పీఠికలోని మొదటి నాలుగు పేజీలు చదవండి. నాలుగు పేజీలు గడిచినా పరిశోధన విషయం కనపడకపోతే నాకైతే సందేహం కలుగుతుంది.

సెమినార్ సిలబస్‌లు కూడా అంతే విలువైనవి. ఒక వారానికి ఒక ఆలోచనాపరుడి చొప్పున పన్నెండు వారాల్లో పన్నెండు మందిని తిప్పి చూపే కోర్సు పరిచయానికి మంచిదే, పీహెచ్‌డీ స్థాయికి చాలదు. ఒకే రచయితను నాలుగైదు వారాలు చదివించే కోర్సులు, ఒకే వస్తువు మీద విరుద్ధ వాదాలను ఎదురెదురుగా పెట్టే కోర్సులు ఎన్ని ఉన్నాయో చూడండి.

అన్నిటికన్నా తక్కువ గమనింపబడే విషయం సంస్థాగత స్థిరత్వం. స్వతంత్ర కార్యక్రమాలకు చాలాచోట్ల సొంత అధ్యాపక స్థానాలు తక్కువ, ఇతర విభాగాల నుంచి కొంత సమయం ఇచ్చే అధ్యాపకులతో నడుస్తాయి. బడ్జెట్ తగ్గినప్పుడు మొదట దెబ్బ తగిలేది వాటికే. బర్మింగ్‌హామ్‌లో ఇంత చరిత్ర ఉన్న సాంస్కృతిక అధ్యయనాల విభాగం 2002లో మూతపడింది. 2010లో మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయం తత్త్వశాస్త్ర కార్యక్రమాలను మూసివేస్తున్నట్టు ప్రకటించినప్పుడు అక్కడి ఆధునిక యూరోపియన్ తత్త్వశాస్త్ర పరిశోధన కేంద్రం కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయానికి తరలవలసి వచ్చింది. 1952 నుంచి నడిచిన ఎమరీ విశ్వవిద్యాలయపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది లిబరల్ ఆర్ట్స్‌లో పీహెచ్‌డీ ప్రవేశాలను 2012లో నిలిపివేశారు. సాంప్రదాయిక విభాగాలూ పూర్తిగా సురక్షితం కావు. బోస్టన్ విశ్వవిద్యాలయం 2025–26కు అనేక మానవీయ, సామాజిక శాస్త్రాల పీహెచ్‌డీ ప్రవేశాలను ఆపివేసింది. అందువల్ల కార్యక్రమానికి పూర్తిగా చెందిన అధ్యాపకులు ఎందరు, వారిలో మీరు థీసిస్ రాసే నాటికి ఉద్యోగ విరమణ చేసేవారెవరు, గత మూడేళ్లలో ఏటా ఎందరిని చేర్చుకున్నారు అని నేరుగా అడగండి. మీ పనిని చదవగల వ్యక్తి ఒక్కరే ఉన్న చోటికన్నా, అంత ప్రసిద్ధులు కాకపోయినా ముగ్గురు ఉన్న చోటు మేలు.

దరఖాస్తులో తేడాలు

ఒకే లక్ష్య ప్రకటనను (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను) అన్నిచోట్లకూ పంపడం ఈ రంగంలో ఎక్కువగా కనిపించే పొరపాటు. సాహిత్య విభాగం మీరు ఏ కాలం, ఏ ప్రక్రియ బోధించగలరో వెతుకుతుంది. తులనాత్మక సాహిత్య విభాగం భాషలను వెతుకుతుంది. స్వతంత్ర కార్యక్రమం మీ ప్రశ్న ఒక విభాగంలో ఎందుకు ఇమడదన్న వాదనను వెతుకుతుంది, అది లేకపోతే మరింత తగిన విభాగం ఉంది కదా అని పక్కన పెడుతుంది. బ్రిటన్ పీహెచ్‌డీకి లక్ష్య ప్రకటనకన్నా పరిశోధన ప్రతిపాదన ముఖ్యం. అక్కడ సామగ్రి ఎక్కడుంది, మూడేళ్లలో ఏ క్రమంలో పని జరుగుతుంది అన్నవి రాయాలి.

రచనా నమూనా విషయంలో ఒకే మాట చెబుతాను. పదిహేను నుంచి పాతిక పేజీల నమూనా అడిగినప్పుడు చాలామంది తమకు వచ్చిన సిద్ధాంతమంతా అందులో చూపాలనుకుంటారు. ఎంపిక చేసేవారు మాత్రం ఒక చిన్న సామగ్రిని ఎంత దగ్గరగా చదవగలరని చూస్తారు. పైన చెప్పిన అద్దె గది విద్యార్థి ఏకాంతం గురించిన సిద్ధాంత చర్చతో ఇరవై పేజీలు నింపడంకన్నా, ఒక నవలలో అద్దెదారు తాళంచెవి యజమానురాలికి తిరిగి ఇచ్చే ఒక్క సన్నివేశాన్ని తీసుకుని, ఆ తాళంచెవి మొత్తం కథలో ఎన్ని చేతులు మారిందో చూపి, అక్కడి నుంచి ఆస్తి గురించిన వాదానికి వెళితే ఆ నమూనాను చివరిదాకా చదువుతారు.

రెండు చోట్ల ప్రవేశం దొరికి ఎటూ తేల్చుకోలేకపోతే, రెండు చోట్లా మూడో, నాలుగో ఏడాదిలో ఉన్న విద్యార్థులతో మాట్లాడండి. మొదటి ఏడాదివారు ఉత్సాహంతో మాట్లాడతారు, చివరి ఏడాదివారు అలసటతో మాట్లాడతారు. పరీక్షలు ముగించి థీసిస్ మొదలుపెట్టినవారికే అక్కడ పర్యవేక్షణ ఎలా ఉంటుందో తాజాగా తెలుసు. ఒక అధ్యాయం ఇస్తే ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, దాని మీద రాసిన వ్యాఖ్యలు ఎంత వివరంగా ఉంటాయి, పర్యవేక్షకుడిని మార్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా, మారాక వారి పని సాగిందా అని అడగండి. స్టైపెండ్ ఎన్నేళ్లకు హామీ ఉంది, వేసవి నెలలకు వర్తిస్తుందా, ఆరో ఏడాది వస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు మాత్రం విద్యార్థుల మాట మీద ఆధారపడకుండా కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఆ జవాబు ఇవ్వడానికి వెనకాడిన చోటిని, దాని పేరు ఎంత గొప్పదైనా సరే, రెండో స్థానంలో పెట్టండి.